కార్డు బరువు, బొగ్గు బరువు

1953 డిసెంబరు చివర్లో కేంద్రం వేసిన రాష్ట్రాల పునర్విభజన సంఘానికి ఫజల్ అలీ అధ్యక్షుడు, కుంజ్రూ, పణిక్కర్ సభ్యులు. ఏ ప్రాంతం ఏ రాష్ట్రంలో ఉండాలో రాసి పంపమని ఆ సంఘం ప్రజలను అడిగింది. వచ్చి పడిన కాగితాలు 1,52,250. అందులో ఎక్కువ భాగం టెలిగ్రాములూ, మా ఊరు ఫలానా రాష్ట్రంలోనే ఉండాలనే అచ్చు తీర్మానాలూ. ఆలోచించి రాసిన వినతిపత్రాలు రెండు వేలకు మించవని సంఘమే తన నివేదికలో తేల్చేసింది. మళ్లీ 2010లో తెలంగాణ మీద వేసిన శ్రీకృష్ణ కమిటీ జనాభిప్రాయం కోరితే లక్షకు పైగా అర్జీలు చేరాయి. అధ్యయనం చేసి రాసినవి సుమారు రెండు వేలని ఆ కమిటీ కూడా రాసుకుంది. రెండు సంఘాలకూ ఒకే అంకె తగలడం కాకతాళీయమే కావచ్చు. మూటలు విప్పిన పద్ధతి మాత్రం ఒక్కటే: లక్షను తూకం వేశారు, రెండు వేలను చదివారు. టపాలో పంపిన కాగితం పాలకుడి మనసు మారుస్తుందా అని అడిగేవాళ్లు ముందు ఈ జల్లెడను చూడాలి.

జల్లెడ దాటినవాటి గతి ఇంకా విచిత్రం. ఫజల్ అలీ సంఘం 1955 సెప్టెంబరు 30న ఇచ్చిన నివేదికలో హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాన్ని ప్రస్తుతానికి విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరవాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమంది. అన్నాళ్లు ఎవరూ ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కొద్దిమంది నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గాలు చూపి, రాష్ట్రాన్ని కలిపే ఉంచి తెలంగాణకు ప్రాంతీయ మండలి ఇవ్వడమే అన్నిటికన్నా మేలంది. 2014 జూన్ 2న తెలంగాణ విడిపోయింది. ఒకరు విడిగా ఉంచమంటే కలిపారు, ఇంకొకరు కలిపి ఉంచమంటే విడదీశారు. రెండున్నర లక్షల కాగితాల సారాన్ని రెండుసార్లూ పక్కన పెట్టేశారు. కాబట్టి ఉత్తరాల ఉద్యమం గెలిచిందా ఓడిందా అని ఫలితాన్ని బట్టి కొలవబోతే లెక్క కుదరదు. అసలు ఉత్తరం ఎవరికి, ఎందుకు రాశారన్నది చూడాలి.

ఉత్తర తెలంగాణలో పాలకుడికి కాగితం పెట్టుకోవడం కొత్త అలవాటు కాదు. అర్జీ, దరఖాస్తు, పదిమంది సంతకాలు చేసిన మహజరు: ఈ మాటలన్నీ కచేరీ భాషలోంచి ఊళ్లోకి వచ్చినవే. నిజాం రాజ్యానికి 1869 నుంచే సొంత స్టాంపులుండేవి. పౌరులకు జవాబు చెప్పే చట్టసభ మాత్రం లేదు. 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ ఆ కాలపు పద్ధతికి మంచి నమూనా. తీర్మానం చెయ్యాలి, వినయంగా రాయాలి, పైకి పంపాలి, ఎదురుచూడాలి. తరవాత ఎన్నికలొచ్చాయి, శాసనసభ్యులొచ్చారు. అయినా ఎమ్మెల్యేకు పోస్టు కార్డు రాసే అలవాటు ఇక్కడ పాతుకోలేదు. ఎమ్మెల్యే ఇంటి గుమ్మం దగ్గరే ఉంటుంది. వినతిపత్రం చేతికే ఇస్తారు, ఇస్తుండగా ఫొటో తీయిస్తారు, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో చూసుకుంటారు. కలెక్టరుకైతే సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉండనే ఉంది. టపా కట్టేది ఎదురుగా నిలబడి అడగడానికి వీల్లేని మనిషికే, అంటే ఢిల్లీకి. కాజీపేట–బల్లార్ష రైలు మార్గం 1929లో పూర్తయ్యాక ఢిల్లీ–మద్రాసు దారి పెద్దపల్లి మీదుగానే పోతోంది. దారి పక్కనే ఉన్నంత మాత్రాన ఢిల్లీ దగ్గరైపోదు. పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్ పోయే 177 కిలోమీటర్ల రైలు మార్గం మంజూరైంది పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు. ఆయన ఒకప్పుడు మంథని ఎమ్మెల్యే. మార్గం మొత్తం పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. మనవాడే గద్దె మీదున్నా దాదాపు పాతికేళ్లు పట్టిన పనికి కార్డు ముక్క ఎంత బలమివ్వగలదో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఇంగ్లండు అనుభవంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 1840లో అక్కడ పెన్నీ తపాలా మొదలైంది. ధాన్యం దిగుమతి సుంకాలను ఎత్తేయాలని పోరాడిన కాబ్డెన్ బృందం ఆ చవక టపాను ఊపిరిగా వాడుకుంది. ఓటర్ల ఇళ్లకు లక్షలకొద్దీ కరపత్రాలు పంపి, వాళ్ల చేత పార్లమెంటుకు పిటిషన్లు పెట్టించింది. అంటే టపా రెండు వైపులా నడిచింది, సంఘం నుంచి మనిషికీ, మనిషి నుంచి సభకూ. మన దగ్గర మొదటి సగం టపా పని కాదు. తెలంగాణ మాట ఊరికి ధూంధాం పాటగా వచ్చింది, కులసంఘం మీటింగులో వచ్చింది, బడి పంతులు నోట వచ్చింది, యూనియన్ ఆఫీసు బయట గోడ మీద వచ్చింది. తపాలా పెట్టెకు చేరేసరికి మనిషి అప్పటికే కదిలి ఉన్నాడు. అందుకే ఇక్కడి ఉత్తరాల మూటను ప్రచారం ఫలితంగా కాకుండా, జరిగిపోయిన కదలికకు రసీదుగా చదవడం సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

రసీదుకు విలువేముంది, పని చేసింది సమ్మె కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. తెలంగాణ కోసం 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. గోదావరిఖని, రామగుండం ప్రాంతపు సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా గనిలోకి దిగలేదు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది, ఆ సంగతి ఢిల్లీకి ఏ కమిటీ నివేదికా లేకుండానే అర్థమవుతుంది. బొగ్గుకున్న బరువు కార్డుకు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ సమ్మె గాలిలోంచి ఊడిపడలేదు. అంతకు ముందటి ఏడాదే వకీళ్లు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు, కార్మికులు శ్రీకృష్ణ కమిటీ కోసమని నీళ్ల లెక్క, కొలువుల లెక్క, నిధుల లెక్క కూర్చి రాశారు. లెక్క రాయాలంటే నలుగురు కూడాలి, ఒకరు ముసాయిదా రాయాలి, ఇంకొకరు తప్పు పట్టాలి, చివరికి ఎవరి పేరు మీద పంపాలో తేల్చుకోవాలి. కమిటీ చదివిందో లేదో గానీ, రాసినవాళ్లు మాత్రం తమ వాదన తాము చదువుకున్నారు. ఉద్యమాన్ని నడిపిన సంయుక్త కార్యాచరణ సంఘాలకు (జేఏసీలకు) సమ్మె నాటికి ఉన్న కట్టుబాటులో ఈ కూడికకూ వాటా ఉందంటే అతిశయోక్తి కాదు.

ఇంకో అభ్యంతరం ఉంది: ఇవన్నీ పైనుంచి ఎవరో రాయించినవి, ఒకే వాక్యం లక్షసార్లు. ఇందులోనూ నిజం లేకపోలేదు. తపాలా శాఖే ఈ అనుమానాన్ని ధరల పట్టికలో పెట్టింది. చేత్తో రాసే మామూలు కార్డు 50 పైసలు, సమాచారం అచ్చేసి పంపే కార్డు ఆరు రూపాయలు. 1879లో పావు అణాకు మొదలైన కార్డు పేదవాడి రాతకు ఇచ్చిన రాయితీ, అచ్చుయంత్రానికి కాదు. 2022 అక్టోబరులో చేనేత మీద అయిదు శాతం జీఎస్టీ ఎత్తేయాలని అప్పటి చేనేత మంత్రి, సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ ప్రధానికి స్వయంగా కార్డు రాసి, లక్షల మందిని రాయమన్నాడు. సిరిసిల్లలో మరమగ్గాలే ఎక్కువ, అడిగిన మినహాయింపు చేమగ్గానికి. ఆ సంగతి అలా ఉంచితే, చిరునామాయే ఆలోచించాల్సిన విషయం. జీఎస్టీ రేటు తేల్చేది కౌన్సిల్. అందులో కేంద్రానికి మూడో వంతు బలం, రాష్ట్రాలన్నిటికీ కలిపి మిగిలిన రెండు వంతులు, ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతులు కావాలి. కేంద్రం కాదంటే కదలదు, రాష్ట్రాలు ససేమిరా అన్నా కదలదు. మిగతా రాష్ట్రాల ఆర్థిక మంత్రులకు ఎవరూ కార్డులు రాసినట్టు లేదు. నవంబరు 3న మునుగోడులో ఉప ఎన్నిక, నేతన్నల ఓట్లు చెప్పుకోదగ్గవి. ప్రధాని పేరున వెళ్లిన కార్డును ముందుగా చదవాల్సినవాళ్లు ఆ నియోజకవర్గంలోని చండూరులో, చౌటుప్పల్‌లో ఉన్నారు. కౌన్సిల్‌లో కుర్చీ ఉన్న ప్రభుత్వానికి చెందిన మంత్రే యాభై పైసల కార్డు పట్టుకుని, ఎప్పుడో సిరిసిల్ల సభ తీర్మానాలు రాసినవాళ్ల వరసలో వచ్చి నిలబడ్డాడు.