గర్భిణుల ఆరోగ్యపు అలవాట్లు – ఫోను సందేశాలు: కర్నూలు, కడప ప్రాంతాల దృష్ట్యా గమనించవలసిన అంశాలు

కర్నూలు, కడప: ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా గర్భిణులకు ఉచితంగా అందజేయడం జరుగుతున్నది. రోజుకొకటి చొప్పున 180 రోజులు వాడవలెనని 2018లో ప్రారంభమైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం నిర్దేశించినది. అయినను 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణులలో 53.7 శాతం మంది రక్తహీనులే. మాత్ర ఇల్లు చేరుట వేరు, ప్రతిదినం మింగుట వేరు.

ఈ ఎడాన్ని ఫోను ద్వారా పూడ్చుటకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016 జనవరిలో 'కిల్కారీ' సేవను ప్రారంభించినది. గర్భం నాలుగవ నెల మొదలు బిడ్డకు ఏడాది నిండువరకు వారానికొకటిగా 72 ధ్వని సందేశాలు ఉచితంగా వినిపించుట దీని విధానం. చదువురాని వారికి సైతం ఉపకరించునట్లు రాత బదులు మాటను ఎంచుకొనుట సముచితమే. తరువాత ఈ సేవ తెలుగుకు కూడా విస్తరించినది. అయితే మధ్యప్రదేశ్‌లో సుమారు 5 వేల మంది గర్భిణులతో నిర్వహించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో తాత్కాలిక గర్భనిరోధక పద్ధతుల వాడకం కొంత పెరిగినను, తల్లిపాల అలవాట్లలో చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. వినిపించినంత మాత్రాన అలవాటు మారదన్నమాట.

ఫోను ఎవరి చేతిలో ఉన్నదన్నది ముఖ్యప్రశ్న. అదే సర్వేలో రాష్ట్ర మహిళలలో స్వయంగా వాడుకొను ఫోను ఉన్నవారు సగానికి తక్కువ. ఇంటర్నెట్‌ను ఎన్నడైనా వాడిన వారు 21 శాతం మాత్రమే. పురుషులలో ఇది 48.8 శాతం. కావున స్మార్ట్‌ఫోన్ యాప్‌పైనే ఆధారపడిన పథకం అత్యవసరమైన వారిని వదిలివేయగలదు. భర్త లేక అత్తగారు ఫోనెత్తినను అర్థమగునట్లు, వారికి కూడా పని అప్పగించునట్లు సందేశం ఉండవలెను.

కర్నూలు పడమటి ప్రాంతమైన ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుండి ఏటా కూలీలు గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు పనులకు వలస వెళ్లుదురు. వాడుకలో దీనిని 'సుగ్గి' అందురు. నమోదైన నంబరు మారినచో సందేశం అక్కడితో ఆగును. సరిహద్దు పల్లెలలో కన్నడం, పట్టణాలలో ఉర్దూ ఇంటిభాషలుగా ఉన్నందున తెలుగు ఒక్కటే చాలదు.

విషయం స్థానిక భోజనానికి దగ్గరగా ఉండుట మేలు. సంగటి, జొన్నరొట్టె తిను ఇంటిలో 'పోషకాహారం తీసుకొనండి' అనుట కంటె, అన్నమైన వెంటనే టీ తాగవద్దనియు, పప్పులో నిమ్మరసం పిండుకొమ్మనియు చెప్పినచో ఆచరణ సులభమగును. టీ ఇనుమును ఒంటబట్టనీయదు, నిమ్మ తోడ్పడును. మాత్రల వలన మలం నల్లబడుట సహజమని ముందే తెలిపినచో భయపడి మానివేయువారు తగ్గగలరు. ఈ ఒక్క వాక్యం మొదటి సందేశంలోనే ఉండదగినది.

2016లో ఆంధ్రప్రదేశ్‌లో అమలులోనికి వచ్చిన 'అన్మోల్' టాబ్లెట్ యాప్ ఎ.ఎన్.ఎం.లకు ఉద్దేశించినది. సిగ్నల్ లేనిచోట కూడా వివరాలు నమోదై, అందినప్పుడు కేంద్ర భాండారానికి చేరును. కిల్కారీకి నంబర్లు అందునది కూడా గర్భిణుల నమోదు ద్వారానే. తప్పిన సందేశాన్ని 14423కు ఫోను చేసి తిరిగి వినవచ్చును గాని, నమోదైన నంబరు నుండియే చేయవలెను. అందుచేత సుగ్గికి బయలుదేరుటకు ముందే ఎ.ఎన్.ఎం. లేక ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి, వెంట తీసుకొనిపోవు ఫోను నంబరును సరిచూచి మార్పించుట అవసరం.