భుజవేదన: నాడీమండలము, మనస్సు

నొప్పి మానవునకు పుట్టుకతోడనే పరిచితమైనది. కాని దాని స్వభావమును మానవుడు మిక్కిలి ఆలస్యముగా తెలిసికొనెను. నెలలతరబడి విడువని భుజవేదన విషయమున మన యిండ్లలో నేటికిని రెండు మాటలు వినవచ్చుచున్నవి. వైద్యుడు తీయించిన చిత్రములో లోపము కనబడినచో "చేయి కదల్పకుము, ఇంకను చెడిపోవును" అందురు. కనబడనిచో "ఏమియు లేదు, అంతయు నీ మనసులోని భ్రాంతియే" అందురు. మొదటి మాట రోగిని భయపెట్టును, రెండవది అవమానించును. ఈ రెండును ఒకే పాత సిద్ధాంతమునుండి పుట్టినవని శాస్త్రచరిత్రను పరిశీలించినవారికి తెలియును.

మన ప్రాచీనులు ఈ వ్యాధి నెరుగకపోలేదు. వాతము భుజమూలమున చేరి చేతిని స్తంభింపజేయుటను సుశ్రుతసంహిత అవబాహుకమను పేర పేర్కొన్నది. వేదనలకు ఆశ్రయమేదియను ప్రశ్నకు చరకసంహిత, మనస్సును ఇంద్రియసహితమైన దేహమును రెండును ఆశ్రయములే యని సమాధానము చెప్పినది. నేటి పరిశోధనలన్నియు చరకుడు ముందే చెప్పెనని గర్వించుట యుక్తము కాదు. మనస్సును దేహమును విడదీయక ఆలోచించుట వారికి సహజముగా నుండెనని మాత్రము గ్రహింపవచ్చును.

ఐరోపాయందు ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు వేరొక మార్గము త్రొక్కెను. ఆయన మరణానంతరము 1664 లో ఫ్రెంచిభాషలో వెలువడిన శరీరశాస్త్ర గ్రంథమున, నిప్పునొద్ద పాదముంచిన మనుష్యుని చిత్రమొకటి కలదు. నిప్పు తాకగా పాదములోని సన్నని దారము లాగబడి, త్రాడు లాగినంతనే గంట మ్రోగినట్లు మెదడునకు వార్త చేరునని యాయన వివరించెను. నొప్పికి శరీరములో నొక త్రోవ కలదను నూహ దీనివలన బలపడెను. కాని గంట యెంత బిగ్గరగా మ్రోగిన, త్రాడును అంత బలముగా లాగిరని, అనగా నొప్పి యెంతయో గాయమంతయని జనులు నమ్మజొచ్చిరి. గంట మ్రోగుచు, త్రాడు లాగినవాడు కనబడకున్నచో మ్రోతయే అబద్ధమనిరి.

భుజము ఈ సిద్ధాంతమునకు లొంగలేదు. బిగిసి నొప్పిగొనిన భుజమును 1872 లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు డ్యుప్లే వర్ణించెను. 1934 లో అమెరికాయందలి బోస్టను వైద్యుడు కాడ్మన్ తన భుజగ్రంథమున దానికి "గడ్డకట్టిన భుజము" అను నర్థముగల పేరిడెను. దాని కారణమును వివరించుట కష్టమని యాయనయే యొప్పుకొనెను.

ఇట్లుండగా రెండవ ప్రపంచయుద్ధము మరియొక సత్యమును బయలుపరచెను. ఇటలీ రణరంగమున గాయపడిన సైనికులను పరీక్షించిన అమెరికా వైద్యుడు బీచర్ 1946 లో తన పరిశీలనములను ప్రకటించెను. తీవ్రముగా గాయపడినవారిలో సుమారు నాల్గింట మూడు వంతులమంది నొప్పికి మందు కోరలేదు. సైనికునకు గాయమనగా యుద్ధమునుండి ప్రాణములతో విడుదల. ఆ యర్థమే నొప్పిని తగ్గించెనని బీచర్ భావించెను. త్రాడు బలముగా లాగబడినను గంట మ్రోగలేదు!

దీనికి శారీరకమైన యాధారమేది? 1965 లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొక ద్వారము వంటి యేర్పాటు కలదని ప్రతిపాదించిరి. దేహమునుండి వచ్చు సంకేతములు ఆ ద్వారమున హెచ్చింపబడవచ్చును, తగ్గింపబడవచ్చును; మెదడు సైతము పైనుండి దానిని శాసింపగలదు. ఆ ద్వారరచనలో వారు చెప్పిన కొన్ని యంశములు తరువాత సవరింపబడెను, మూలభావము నిలిచెను. 1983 లో వూల్ఫ్ ఇంకొక మెట్టు ఎక్కెను. గాయము తరువాత వెన్నుపాములోని నాడీకణములే అతిచురుకుదనము పొందునని ఆయన జంతువులయందు చూపెను. అట్టి స్థితిలో స్వల్పమైన స్పర్శయు నొప్పియై తోచును. దీర్ఘకాల భుజవేదన గలవారిలో కొందరికి, భుజమునందే కాక దూరముననున్న కాలియందును కొద్దిపాటి ఒత్తిడికే నొప్పి కలుగుట తరువాతి పరిశోధకులు కనుగొనిరి. గంట చెడలేదు, అది మిక్కిలి సున్నితమైనది.

భుజచికిత్సయు ఈ పాఠమునే నేర్పెను. 1972 లో అమెరికా వైద్యుడు నీర్, భుజముపై యెముక క్రిందనున్న స్నాయువులను ఒరయుటచే నొప్పి కలుగునని చెప్పగా, ఆ యెముకను చెక్కు శస్త్రచికిత్స వ్యాపించెను. కాని 1995 లో ఏ నొప్పియు లేని 96 మంది భుజములను అయస్కాంతచిత్రములు తీసి చూడగా, నూటికి 34 మందికి స్నాయువులు చిరిగియుండెను. అరువది యేండ్లు దాటినవారిలో నూటికి 54 మందికి! 2018 లో బ్రిటనున 313 మంది రోగులపై జరిగిన పరీక్షాఫలితములు వెలువడెను. కొందరికి ఎముక చెక్కిరి, కొందరికి లోనికి చూచుటతో సరిపుచ్చిరి, కొందరికి శస్త్రము చేయలేదు. మొదటి రెండు తెగలకును భేదము కానరాలేదు; శస్త్రము లేనివారికంటె వారికి కలిగిన లాభము గణింపదగినంతది కాదు.

ఇక మనస్సు. చేయి యెత్తిన స్నాయువు తెగునని భయపడువాడు ఎత్తుట మానును. మానగా కీలు బిగియును, కండరము బలము తగ్గును. పిమ్మట కొంచెమెత్తినను నొప్పి హెచ్చును. హెచ్చగా భయము నిజమని తోచును. నిద్రలేమియు, దిగులును ఈ వలయమునకు తోడ్పడును. మనస్సునకు పాత్ర కలదనుట నొప్పి కల్పితమనుట కాదు. భయమును దుఃఖమును నాడీమండలమునందే పనిచేయుచున్నవి. కావున నొప్పి పూర్ణముగా సత్యము.

ఈ చరిత్రవలన మన గృహములకు వలసిన నీతి యేమి? ముందుగా వైద్యపరీక్ష వలయును. ఏలయనగా దెబ్బ తగులుట, జ్వరము, గుండెజబ్బు, మధుమేహము మున్నగువానివలనను భుజము నొచ్చును. అపాయము లేదని వైద్యుడు చెప్పినపిమ్మట, చేతిని కట్టిపెట్టక కొద్దికొద్దిగా కదల్పవలయును. అటకమీది డబ్బా నందుకొనలేని కోడలిని సోమరియనుట మానవలయును. స్త్రీల నొప్పిని సహనపరీక్షగా నెంచుట మన సంఘమున చిరకాలపు దురాచారము. ఆమెకు విశ్రాంతియు, నిద్రయు, పనిలో పాలును ఇచ్చుట దయ మాత్రమే కాదు, చికిత్సలో భాగము.

అంతర్జాతీయ వేదనాధ్యయన సంఘము 2020 లో నొప్పికి తన పూర్వనిర్వచనమును సవరించుచు, నొప్పియున్నదని చెప్పినవాని మాటను గౌరవింపవలయునని చేర్చినది. శాస్త్రజ్ఞులు ఈ మాటకు వచ్చుటకు మూడున్నర శతాబ్దములు పట్టెను. మన యిండ్లలో దానిని ఆచరించుటకు ఒక్క దినమైనను ఆలస్యమేల?