కాజీపేట జంక్షన్: చాందా రైల్వే వివాదం నుంచి నేటి దాకా

తెలంగాణ రైల్వే చరిత్రలో కాజీపేటకున్న ప్రాధాన్యం ఆ ఊరి పరిమాణాన్ని బట్టి వచ్చినది కాదు. వేర్వేరు కాలాల్లో నిర్మితమైన రెండు మార్గాలు అక్కడ కలవడమే దానికి కారణం. వాటిలో రెండవదైన ఉత్తర మార్గం రూపుదాల్చడానికి చాలా ముందే, హైదరాబాదు రాజ్యంలో ఒక ప్రజాచర్చకు కారణమైంది.

1874లో వాడి–సికింద్రాబాదు మార్గం ప్రారంభమై, రాజధానిని బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గంతో కలిపింది. తూర్పు దిశగా సాగిన విస్తరణ వరంగల్లు, డోర్నకల్లు మీదుగా 1889లో బెజవాడ చేరింది. తెలంగాణకూ కోస్తా జిల్లాలకూ నడుమ రైలు సంబంధం అలా ఏర్పడింది.

ఈ విస్తరణ సంప్రదింపుల కాలంలోనే, 1883లో, చాందా రైల్వే పథకం వివాదాస్పదమైంది. చాందా అంటే నేటి చంద్రపూర్. బల్లార్షా దానికి చేరువలోనిది. నిర్మాణ సంస్థ పెట్టుబడికి వడ్డీ హామీ ఇచ్చే భారం రాజ్య ఖజానాపై పడనుండటంతో విద్యావంతులు ఆందోళన చెందారు. నిర్ణయానికి ముందే పథకం వివరాలన్నీ ప్రజలకు తెలియజేయాలని అఘోరనాథ చట్టోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు కోరారు. ప్రభుత్వం అదే ఏడాది మే నెలలో అఘోరనాథుని రాజ్యం నుంచి బహిష్కరించింది. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. వారు వ్యతిరేకించింది రైలును కాదు. ప్రజల సొమ్ముతో ముడిపడిన ఒప్పందం ప్రజలకు తెలియకుండా కుదరడాన్ని. హైదరాబాదు రాజ్యంలో ఆధునిక రాజకీయ చైతన్యానికి తొలి గుర్తులలో ఒకటిగా ఈ ఘటనను చరిత్రకారులు పరిగణిస్తారు.

కాజీపేట–బల్లార్షా మార్గం 1929లో పూర్తయింది. దానితో మద్రాసు–ఢిల్లీ ప్రయాణానికి తెలంగాణ మీదుగా నేరు దారి ఏర్పడింది. రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతాల బొగ్గు రవాణాకు ఈ మార్గమే ఆధారమైంది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను స్వాధీనం చేసుకుంది. 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో కాజీపేట భాగమైంది.

కాజీపేట వద్ద పట్టాలు త్రిభుజాకారంలో కలుస్తాయి. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగి, వరంగల్లు వెళ్లకుండానే ఉత్తరానికి మళ్లుతుంది. సికింద్రాబాదు–విజయవాడ రైళ్లు కాజీపేట, వరంగల్లు రెండింటినీ తాకుతాయి. చెన్నై–ఢిల్లీ మార్గపు గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ వంటివి వరంగల్లులో ఆగి, కాజీపేట ప్రధాన స్టేషన్‌కు రాకుండా సాగిపోతాయి. కూడలిగా పేరొందినా, తన మీదుగా కలిసిన ఉత్తర దక్షిణాల ప్రధాన రైళ్లు అనేకం ఈ స్టేషన్‌కు అందవు.

ప్రయోజనం ఎవరికన్న ప్రశ్న తర్వాతి కాలంలో కోచ్ ఫ్యాక్టరీ కోరికగా వినిపించింది. తెలంగాణలో దాని సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని 2014 నాటి పునర్విభజన చట్టం పేర్కొంది. 2023 జూలైలో కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1883లో రైలు భారం ఎవరు మోయాలన్నది ప్రశ్న. ఇటీవలి కాలంలో దాని ఫలితంలో స్థానికులకు దక్కే వాటా ఎంతన్నది ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే కాజీపేట చరిత్ర సమగ్రమవుతుంది.