కౌలు అంటే మాట

మా రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్ళల్లో ‘కౌలు’ అంటే ఏమిటని అడిగితే మిమ్మల్ని వింతగా చూస్తారు. అందులో తెలియకపోవడానికేముంది? ఎకరానికి ఇన్ని బస్తాలు, బస్తా అంటే 75 కిలోలు. సార్వా పండినా మునిగినా ఒప్పుకున్న ధాన్యం భూమి గలాయనకి చేరాలి. చాలాచోట్ల కాగితం ఉండదు. అంతా నోటి మాటే.

ఆ నోటి మాట అన్నదే ఈ పదానికి అసలు అర్థం. అరబ్బీలో ‘ఖౌల్’ అంటే పలుకు. పారశీకం, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. ఉర్దూలో ఇప్పటికీ ‘ఖౌల్’ అంటే ఇచ్చిన మాటే. దర్గాల్లో వినిపించే కవ్వాలీదీ ఇదే మూలం. ఒకే వేరు నుంచి ఒక కొమ్మ పాటయింది, ఇంకో కొమ్మ ధాన్యం బస్తా అయింది.

ఆ మాట ఎవరు ఎవరికి ఇచ్చేవాళ్ళు? కథంతా ఇక్కడే ఉంది. దక్కన్ సుల్తానుల కాలంలో కౌలు పైనుంచి కిందికి వచ్చేది. బీడు పడ్డ భూమిని సాగులోకి తెచ్చేవాడికి మొదటి ఏళ్ళలో తక్కువ శిస్తు, తర్వాత ఏటా కొంచెం పెంపు అని సర్కారు రాసిచ్చిన హామీ కౌలు. దానికి ‘సరే’ అంటూ రైతు తిరిగి రాసిచ్చేది కబూలియత్. ఇంగ్లీషువాళ్ళు కూడా ఈ పదాన్ని అలాగే అందుకున్నారు. 1680లో మద్రాసు గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్ పెగూ కెంపుల వర్తకులకి ఒక కౌలు ఇచ్చాడు. వచ్చి వ్యాపారం చేసుకోండి, మీకు మా అభయం అని దాని సారాంశం. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ పదానికి లీజుతో పాటు రక్షణ పత్రం, క్షమాభిక్ష అనే అర్థాలు కూడా ఇచ్చింది.

అంటే ఒకప్పుడు కౌలు బలమున్నవాడు బలం లేనివాడికి ఇచ్చే భరోసా, అదీ రాతపూర్వకంగా. ఇప్పుడు దిశ తిరగబడింది. మాట ఇచ్చేది కౌలురైతు, పుచ్చుకునేది భూయజమాని. పదం అదే, భరోసా మాత్రం చేతులు మారింది.

రాత ఎందుకు పోయింది? 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం కౌలుదారుకి రక్షణ ఇద్దామనుకుంది. 1974 సవరణ దాన్ని ఇంకా బిగించింది. దాంతో కాగితం రాస్తే భూమి చేజారుతుందేమోనని యజమానులకి భయం పట్టుకుంది. రక్షించడానికి పుట్టిన చట్టమే రైతు చేతిలోంచి కాగితాన్ని లాగేసింది. కాగితం లేకపోతే బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. పంట మునిగితే పరిహారం పట్టాలో పేరున్నాయనకి వెళ్తుంది.

2011లో సాగు లైసెన్సుల చట్టం వచ్చింది, రుణ అర్హత కార్డులు ఇచ్చారు. అదే ఏడాది ఖరీఫ్‌లో పక్కనే కోనసీమ రైతులు వరి గిట్టుబాటు కావట్లేదని పంట విరామం ప్రకటించారు. సొంత భూమి ఉన్నవాళ్ళకే గిట్టనప్పుడు, దానిమీద కౌలు కూడా కట్టేవాడి లెక్క ఎలా తేలుతుంది? 2019లో పాత చట్టాల్ని తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. ఒప్పందం 11 నెలలు. భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీదే హక్కు. కానీ కార్డుకి యజమాని సంతకం కావాలి. భయం పోగొట్టడానికి చేసిన చట్టం, మళ్ళీ ఆ భయపడేవాడి దయ మీదే నిలబడింది.

ఈ 11 నెలల అంకె నాకు బాగా పరిచయం. హైదరాబాదులో నా ఫ్లాటు అగ్రిమెంటు కూడా అంతే. ఏడాది దాటిన లీజుకి 1908 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి, అది తప్పించుకోడానికే ఈ లెక్క. కానీ నా ఓనరు సంతకం పెట్టడానికి జంకడు. ఆ కాగితంతో నాకు గ్యాస్ కనెక్షన్ వస్తుంది, అడ్రస్ ప్రూఫ్ అవుతుంది. కట్టే అద్దెకి హెచ్.ఆర్.ఏ. మినహాయింపు అడగొచ్చు. ఏసీ గదిలో కూర్చునే నాకు దొరికే ఆ పాటి రుజువు, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి పంట తీసేవాడికి దొరకదు.

కౌలు రైతుల గురించి మాట్లాడినప్పుడల్లా మనం కొత్త పథకం, కొత్త కార్డు అంటాం. ఈ పదం పాత అర్థమే ఎక్కువ అడుగుతోంది అనిపిస్తుంది నాకు. మాట ఇవ్వాల్సింది ఎవరు? మునిగిన చేను ఎవరు దున్నారో ఊరందరికీ తెలుసు. యజమాని సంతకం కోసం ఆగకుండా, ఆ తెలిసిన సంగతిని సర్కారు తన పేరు మీద రాసివ్వగలిగితే, అదీ కౌలు. అప్పటిదాకా మనం కౌలు అంటున్నది ఉత్త బస్తాల లెక్కే.