గోదావరీతీరారణ్యమందలి రాక్షసగుళ్ళు: ఒక పరిశీలనయాత్ర

ఆంధ్రదేశచరిత్రను శాతవాహనులతో నారంభించుట మన పాఠ్యగ్రంథములలో పరిపాటియై యున్నది. శాసనము లేనిచోట చరిత్రము లేదను భావము తెలుగుశాఖలలో బోధించు మావంటివారిలో మిక్కిలి బలముగా పాతుకొనియున్నది. ఖమ్మము, భద్రాచలముల నడుమనున్న అరణ్యమున ఒక్క అక్షరమైనను లేని సమాధులు వందలకొలది నిలిచియుండగా, వానిని గూర్చి మనము తరగతిలో రెండు వాక్యములకు మించి చెప్పుట లేదు. ఆ రెండు వాక్యములలోను ఒకటి తప్పని ఈ యాత్రలో మాకు తెలిసినది. ఆ తప్పు ఎట్లు ఏర్పడెనో, ఎట్లు తొలగెనో వివరించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మేము కొందరు పరిశోధకవిద్యార్థులతో మణుగూరు మీదుగా పినపాక మండలములోని జానంపేటకు, అచటినుండి గుండాల అడవులలోని దొంగతోగు, దామరతోగు ప్రాంతములకును వెళ్ళితిమి. ఈ సీమలో తోగు అనగా వాగు. మాకు దారి చూపినవారు ఈ సమాధులను అనేక సంవత్సరములుగా పరిశీలించిన పురాతత్త్వవేత్త. పేరు ప్రకటింపవలదని వారు కోరినందున వారిని మార్గదర్శకులని మాత్రమే వ్యవహరింతుము. బయలుదేరునప్పుడు వారు మా కొక నియమము విధించిరి: "మొదట చూచినది వ్రాయుడు. అది యేమని మీకు తోచినదో మరునాడు వ్రాయవచ్చును." ఈ నియమము ఎంత కఠినమైనదో మాకు జానంపేటలోనే తెలిసివచ్చినది.

ఇచటి సమాధులను జనులు రాక్షసగుళ్ళందురు. ఇట్టి పేర్లు దక్షిణదేశమంతటను ఉన్నవి. మలబారునందలి సమాధులను గూర్చి 1823లో వ్రాసిన బాబింగ్టన్ అచటివారు వానిని పాండవుల పేరుతో పిలుచుచున్నారని తెలిపెను. తెలుగుదేశమునను పాండవగుళ్ళను పేరు పెక్కుచోట్ల వినబడును. అంత పెద్దరాళ్ళను మామూలు మనుష్యులు ఎత్తజాలరను ఆశ్చర్యమునుండి ఈ పేర్లు పుట్టినవి. పేరు పెట్టినవారికి కట్టినవారిని గూర్చిన జ్ఞాపకము లేదని గూడ వీనివలన తెలియుచున్నది. తెలుగు విద్యార్థులు ఇచట మరియొక సంగతి గమనింపవలెను. గుడికి బహువచనము గుళ్ళు. గూటికి బహువచనము గూళ్ళు. నాలుగు పలకలు నిలిపి పైన కప్పు వేసిన ఈ రాతిగది రూపమున గుడికంటె గూటికే దగ్గరగా నున్నది. జనుల నోట మొదట ఏ మాట యుండెనో నిర్ణయింపవలెనన్నచో ఊరూర ఉచ్చారణను సేకరింపవలెను. ఈ పని పురాతత్త్వశాఖది కాదు, మనదే.

జానంపేట సమాధుల నిర్మాణము ఇట్టిది. నలువైపుల ఇసుకరాతి పలకలను నిలిపి, అడుగున ఒక పలక పరచి, పైన విశాలమైన కప్పురాయి నుంచిరి. గది కొంత భూమిలోను కొంత భూమిపైనను ఉండును. చుట్టును గుండ్రాళ్ళు వలయముగా పేర్చబడినవి. కొన్ని గదులలో ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టె యుండును. ఎముకలను, వానితోపాటు కుండలను, ఇనుపపనిముట్లను అందు ఉంచెడివారు. శవమును వేరొకచోట శిథిలము కానిచ్చి, పిదప ఎముకలను ఏరి తెచ్చి నిక్షేపించు ఆచారము బృహచ్ఛిలాసమాధులలో పలుచోట్ల కనబడినది. వెలుపల ఎరుపు, లోపలను అంచునను నలుపు గల మృణ్మయపాత్రలు ఈ సంస్కృతికి ముఖ్యచిహ్నములు. కుండను బోర్లించి కాల్చినందున గాలి సోకని భాగము నలుపెక్కును. సోకిన భాగము ఎరుపెక్కును.

ఒక కప్పురాతి యొద్ద మార్గదర్శకులు విద్యార్థులచే లెక్క కట్టించిరి. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అరమీటరు మందము గల పలకను ఊహించినచో అది మూడు ఘనమీటర్లగును. ఇసుకరాయి ఘనమీటరు రెండు టన్నులకు పైబడి తూగును గనుక పలక బరువు ఆరు టన్నులను మించును. దానిని కదల్చుటకు రాక్షసులు అక్కరలేదు. దుంగలు, మోకులు, మట్టికట్ట, ఒక్కమాటపై నడచు జనులు చాలును. గోదావరీలోయయందలి ఇసుకరాయి పొరలుపొరలుగా విడివడు స్వభావము గలది కావున పలకలు తీయుటయు అసాధ్యము కాదు. ఆశ్చర్యపడవలసినది రాతి బరువును చూచి కాదు. చనిపోయిన యొక వ్యక్తికొరకు అంతమంది కూడి, అన్నిదినములు తమ పనులు మానుకొని శ్రమించుటకు అంగీకరించిన సంఘమును చూచి. వారందరికిని ఆ దినములలో తిండి పెట్టవలెను; ఎవరో యొకరు పని నడిపింపవలెను. అట్లు రాతిగది వెనుక ఒక సమాజవ్యవస్థ కనబడుచున్నది.

ఈ ప్రాంతమునకే ప్రత్యేకమైనవి శిలువను పోలిన రాతిస్తంభములు. గోదావరికి దక్షిణమున కాటాపురము, మల్లూరు, జానంపేట, గలబ, దొంగతోగు మొదలగు చోట్ల ఇవి సమాధుల సమీపమున కనబడినవి. 1868లో ములహెరన్ అను సర్వే అధికారి వీనిని వంగదేశపు ఆసియాటిక్ సొసైటీ దృష్టికి తెచ్చెను. 1872లో లండనునందు ప్రకటితమైన తన బృహద్గ్రంథమున జేమ్స్ ఫెర్గూసన్ వీనిని చర్చించి, శిలువయాకారము క్రైస్తవసంబంధమును సూచించునని ఊహించెను. ప్రపంచమందలి బృహచ్ఛిలానిర్మాణములు చాలవరకు క్రీస్తుశకమునకు చెందినవను సిద్ధాంతమును ఆయన ముందే ఏర్పరచుకొనియుండెను. దానికి ఈ శిలువలు చక్కగా సరిపోయినవి. 1877లో ఈ సమాధులను గూర్చి వ్రాసిన విలియం కింగ్ భూతత్త్వజ్ఞుడు; ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొన్న ఆయనయే. రాతిపొరలను చదువుటకు వచ్చినవాడగుటచే కాబోలు, ఆయన చూపు సమాధుల నిర్మాణముపై నిలిచినది.

దొంగతోగు ప్రాంతమున స్తంభముల యెదుట నిలిచినప్పుడు మా విద్యార్థులలో నొకరు పుస్తకమున "శిలువ" యని వ్రాసికొనిరి. మార్గదర్శకులు దానిని కొట్టివేయించి, "ఎదురుగా గాక ప్రక్కనుండి చూడుడు" అనిరి. చూచితిమి. అడ్డముగా చాచినవి భుజములు. పైకి లేచినది మెడ, తల. కొన్నిటికి తల విరిగిపోయినది. ఈ ప్రాంతపు మూర్తులలో స్తనములు చెక్కిన స్త్రీమూర్తియు నున్నది. స్తనములున్న వస్తువును శిలువ యనుట యెట్లు? ఇవి మానవాకృతులనియు, బహుశః మృతుల లేదా పూర్వుల ప్రతిరూపములనియు నేటి పండితుల అభిప్రాయము. తమిళదేశమున మోట్టూరు, ఉడయార్‌నత్తము అను స్థలములలో పలకరాతితో చేసిన మానవాకృతులు లభించినవి గనుక ఈ సంప్రదాయము గోదావరికి మాత్రమే పరిమితము కాదు. అయినను ఇచటి శిల్పరీతి వేరు. ఫెర్గూసన్ ఈ స్తంభములను స్వయముగా చూడలేదు. ఇతరులు పంపిన చిత్రములే ఆయనకు ఆధారము. చిత్రమున ఒక్కముఖమే కనబడును.

ఆయన తప్పు చూచి నవ్వుకొనిన మాకు ఆ సాయంకాలమే మా తప్పు బయటపడినది. కోయలు తమ మృతులకు ఊరి సమీపమున స్మారకశిలలు నిలుపుదురు. కర్మాంతమున బలి యిచ్చిన పశువు తోకను రాతికి కట్టు ఆచారమును పూర్వలేఖకులు నమోదు చేసిరి. నిలిపిన రాయి అచటనున్నది, నిలిపిన రాయి ఇచటను ఉన్నది. కావున రాక్షసగుళ్ళను కట్టినవారు కోయల పూర్వులని మేము పదునైదేండ్లుగా తరగతిలో చెప్పుచుంటిమి. అడవిలో ఆ మాటయే మరల అంటిమి. మార్గదర్శకులు కాదనలేదు. "మొదటి రాతికిని రెండవ రాతికిని నడుమ ఎన్ని మెట్లున్నవో చెప్పుడు" అని మాత్రము అడిగిరి.

లెక్కింపగా మూడు మెట్లు కనబడినవి. ఒకటి, కాలము. 1947లో బ్రహ్మగిరిలో త్రవ్వకములు జరిపిన వీలర్ అచటి బృహచ్ఛిలాసంస్కృతిని క్రీ.పూ. రెండవ శతాబ్దమునుండి లెక్కించెను. తరువాతి పరిశోధనలు దానిని చాల వెనుకకు జరిపినవి. దక్కనులో ఇనుము క్రీ.పూ. 1000 నాటికే యున్నదని హల్లూరు తెలిపినది. తమిళదేశపు మయిలాడుంపారై యందలి ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో ప్రకటించిరి. ఈ సమాధులకు ఏ కాలము నిర్ణయించినను, నేటి స్మారకశిలకును వానికిని నడుమ వేయి సంవత్సరములకు మించిన వ్యవధి యుండును. ఆ నడిమికాలపు రాళ్ళను మేము చూపలేదు. రెండు, ప్రయోజనము. సమాధిగది ఎముకలనుంచుటకు, స్మారకశిల పేరు నిలుపుటకు. మూడు, ఆచారము. రాయి నిలుపు పద్ధతి ఖాసీలలో, ముండాలలో, గదబలలో గూడ నున్నది. ఆచారసామ్యమే వంశసామ్యమునకు నిదర్శనమైనచో వారందరును జానంపేట వారసులు కావలెను. కోయలు ఆ నిర్మాతల సంతతి కారని దీని యర్థము కాదు. మేము నిరూపింపకయే చెప్పితిమని యర్థము. ఫెర్గూసన్ ఆకారమును చూచి మతమును నిర్ణయించెను; మేము ఆకారమును చూచి వంశమును నిర్ణయించితిమి. పద్ధతి ఒక్కటే.

ఇట్టి ఊహలు నిలుచుటకు పరిపాలనాచరిత్ర యందును ఒక కారణము కలదని మాకు తోచుచున్నది. 1860లో భద్రాచలసీమ ఆంగ్లేయుల వశమైనది. మొదట మధ్యరాష్ట్రములలో నుండి, 1874లో చెన్నరాష్ట్రపు గోదావరిజిల్లాలో చేరినది. నదికి ఈవలి ఒడ్డు నిజాము రాజ్యముననే యున్నది. కోయల ఆచారములను శ్రద్ధతో వ్రాసిన దుమ్ముగూడెపు మిషనరీ జాన్ కేన్ ఆవలియొడ్డువాడు. ఈవలియొడ్డున సమాధులను చూచుకొనినది 1914లో గులాం యజ్దానీ నాయకత్వమున నేర్పడిన హైదరాబాదు పురావస్తుశాఖ. జానంపేటలో ప్రాథమిక త్రవ్వకములు జరిపిన ఖ్వాజా ముహమ్మద్ అహ్మద్ ఆ శాఖవారే. బ్రతికియున్న ఆచారము ఒక ప్రభుత్వపు కాగితములలోను, మృతుల సమాధులు మరియొక ప్రభుత్వపు కాగితములలోను చేరినవి. 1959లో భద్రాచలము ఖమ్మముజిల్లాలో కలిసినను కాగితములు కలియలేదు. 2014లో ఆవలియొడ్డు మండలములు పెక్కు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో ఈవలిభాగము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాయైనది. రెండింటిని ఒకచోట నుంచి చదువు పని నేటికిని మిగిలియున్నది.

తిరుగుదారిలో ఒక కోయవృద్ధుడు మాతో కొంతదూరము నడచెను. "తాతా, ఈ గుళ్ళు మీవారు కట్టినవేనా?" అని ఒక విద్యార్థిని అడిగినది. ఆయన ఇట్లనెను: "మావాళ్ళ రాళ్ళు ఊరికాడుంటయి బిడ్డా. ఇవి మేం రాకముందటివి అని మా పెద్దలు చెప్పిండ్రు. ఎవరివైతేనేం, పండుకున్నోళ్ళను లేపగూడదు." సంతతి నిర్ణయించుటకు మేము తొందరపడితిమి. ఆ తొందర ఆయనకు లేదు. ఆ రాళ్ళు తనవి కావనుచునే వానికి కాపరిగా మాటలాడెను.

లేపువారు లేకపోలేదు. నిధులున్నవను ఆశతో త్రవ్విన గోతులు మేము అనేకసమాధులలో చూచితిమి. కప్పురాళ్ళు ప్రక్కకు నెట్టబడినవి, తొట్టెలు పగిలియున్నవి, పెంకులు వానకు కొట్టుకొనిపోయినవి. ఈ సమాధులలో బంగారముండునను నమ్మిక నిరాధారము. ఉండునవి కుండలు, ఇనుము, ఎముకలు. వానికి అంగడిలో వెల లేదు. ఏ కుండ ఏ ఎముక ప్రక్క నుండెనో చెప్పగలిగినంతవరకే చరిత్రమున వానికి విలువ. ఒకమారు త్రవ్వి పారవేసిన సమాధిని మరల చదువుట యెవ్వరితరము గాదు. 1958 నాటి ప్రాచీనకట్టడముల చట్టము రక్షితస్థలములను కాపాడును. రక్షితజాబితాలో లేని సమాధులకు ఆ వృద్ధునివంటివారి మాటయే రక్ష.

2025లో నారాయణపేట జిల్లా ముడుమాలలోని నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలికజాబితాలో చేరినవి. గోదావరీతీరపు మూర్తులకును అట్టి దినము రావచ్చును. అంతవరకు తెలుగుశాఖలు చేయదగిన పనులు కొన్ని యున్నవి. సమాధులకు, రాళ్ళకు, వాగులకు జనులు పెట్టిన పేర్లను తెలుగునను కోయభాషయందును సేకరింపవలెను. గుళ్ళో గూళ్ళో చెవితో విని నిర్ణయింపవలెను. స్మారకశిలలు నిలుపునప్పటి మాటలను, పాటలను, నిలిపినవారి యనుమతితో, వారి పేరనే నమోదు చేయవలెను. కాలము నిర్ణయించుట మన పని కాదు గాని, పేరు పోకుండ చూచుట మన పని.

మా మట్టుకు మేము ఈ సంవత్సరము తరగతిలో ఆ పాతవాక్యమును దిద్దుకొంటిమి. రాక్షసగుళ్ళను కట్టినవారు కోయల పూర్వులని ఇప్పుడు చెప్పుట లేదు. కారనియు చెప్పుట లేదు. నడిమి మూడు మెట్లను బల్లపై వ్రాసి, ఒక్కొక్కదానికి ఏయే సాక్ష్యము కావలెనో విద్యార్థులనే అడుగుచున్నాము.