పందిరి మీద వదిలిన కాయ

బీర, నేతిబీర పాదులు మన నేలకు కొత్తవి కావు. సంస్కృతంలో బీరను 'కోశాతకి' అన్నారు. నేతిబీర ఈజిప్టు దాకా పాకింది, దాని శాస్త్రీయ నామంలో ఆ దేశం పేరే నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జపాన్ దేశం ఎండిన బీరపీచును అమెరికాకు ఎగుమతి చేసేది. ఓడల ఇంజన్లలో వడకట్టడానికి దాన్ని వాడేవారు.

మన ఇళ్లల్లో మాత్రం పీచు కొనే వస్తువు కాదు. మన అమ్మమ్మలు పందిరి మీద మంచి కాయ ఒకటి కోయకుండా వదిలేవారు. తీగ మీదే ఎండాక దులిపితే గింజలు రాలేవి, పీచు మిగిలేది. గింజ వచ్చే ఏటికి, పీచు ఒళ్లు రుద్దుకోడానికి, గిన్నెలు తోముకోడానికి.

ప్లాస్టిక్ పీచు, హైబ్రిడ్ విత్తనాల ప్యాకెట్ వచ్చాక ఈ అలవాటు తగ్గిపోయింది. హైబ్రిడ్ కాయలోని గింజ వేస్తే తల్లిపాదు లాంటి కాపు రాదు. అందుకే ఏటా కొనాల్సి వస్తోంది. అలా విత్తనం ఆడవాళ్ల చేతిలోంచి అంగడికి పోయింది.

అక్కచెల్లెళ్లారా, నాటు పాదుకు ఒక్క కాయ వదులుదాం. చేదు కాయ గింజ దాచొద్దు. రెండు రకాలనూ దూరం దూరంగా వేద్దాం, లేకపోతే జాతి కలిసిపోవచ్చు. మన పొదుపులో విత్తనం కూడా ఒక పొదుపే.