రోట్లో పుట్టే ఘాటు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కూర లేని పూట జొన్నరొట్టెకు తోడు ఎల్లిగడ్డ కారం. ఎల్లిగడ్డ, కారప్పొడి, ఉప్పు రోట్లో వేసి నూరితే అయిపోతుంది. బాలింతకూ ఇదే పెడతారు. మిరప పోర్చుగీసు ఓడల్లో వచ్చింది గనుక ఈ కారం వయసు 500 ఏళ్ల లోపే. ఎల్లిగడ్డ కథ మాత్రం పాతది. దాని పుట్టిల్లు మధ్య ఆసియా.

1890లో అక్కడే, కూచా దగ్గర, బోవర్ రాతప్రతి దొరికింది. సుమారు 1500 ఏళ్ల నాటి ఆ భూర్జపత్రాల్లో మొదటి భాగమే ఎల్లిగడ్డ వైద్యం. రాహువు నెత్తుటి నుంచి పుట్టింది కాబట్టి బ్రాహ్మణులు తినరాదట. మరి రోగమొస్తే? ఆవును మూడు రాత్రులు దాదాపు పస్తుంచి, రెండు పాళ్ల గడ్డికి ఒక పాలు ఎల్లి కాడలు కలిపి మేపి, దాని పాలు తాగమంది. ఆచారమూ దక్కింది, మందూ దక్కింది!

ఒలిచిన రెబ్బకు పెద్దగా ఘాటుండదు. అందులో ఉండేది అల్లీన్ అనే గంధక పదార్థం. దాన్ని మార్చే అల్లీనేజ్ ఎంజైము వేరే అరలో ఉంటుంది. నూరితే అరలు పగిలి, రెండూ కలిసి, క్షణాల్లో అల్లిసిన్ తయారవుతుంది. పురుగుల మీద మొక్క దాచుకున్న ఆయుధమది. 1944లో అమెరికాలో కావల్లిటో, బెయిలీ దాన్ని వేరుచేసి, బాక్టీరియాను చంపుతుందని చూపారు. నలగ్గొట్టకుండా పోపులో వేస్తే వేడికి ఎంజైము పనిచేయదు. నూరి పది నిమిషాలు ఆగి పొయ్యి మీద పెడితే కొంత మేలు.

తల్లులు ఎల్లిగడ్డ తింటే పాల వాసన మారుతుందనీ, పిల్లలు ఎక్కువసేపు రొమ్ము పట్టుకుంటారనీ 1991లో అమెరికా పరిశోధకులు గమనించారు. మన ముసలమ్మలకు ఇది వార్తేం కాదు. ఎర్రరక్తకణాలు ఎల్లిగడ్డలోని గంధక పదార్థాలను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చి రక్తనాళాలను సడలిస్తాయని 2007లో అలబామాలో తేలింది. బీపీ ఉన్నవాళ్లకు కాస్త తగ్గుతుంది కూడా. కొలెస్ట్రాల్ సంగతి వేరు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో 192 మంది మీద ఆరు నెలలు పరీక్షిస్తే, పచ్చి ఎల్లిగడ్డకైనా మాత్రలకైనా చెడు కొలెస్ట్రాల్ కదల్లేదు. పరగడుపున రెబ్బ మింగి గుండె బాగుపడిందనుకునేవాళ్లు ఇది చూడాలి.

రక్తం గడ్డకట్టడాన్ని ఎల్లిగడ్డ నెమ్మదింపజేస్తుంది. రక్తాన్ని పల్చబరిచే మాత్రలు వాడేవాళ్లు, ఆపరేషనుకు వెళ్లేవాళ్లు డాక్టరుకు చెప్పాలి. నొప్పికని పచ్చిది నూరి కట్టు కడితే మాత్రం బొబ్బలెక్కుతాయి.